కల్తీని కాపాడిన నలభై ఒక్క రోజులు

జిల్లా ఇంధన శుద్ధి కార్యాలయం పెట్టి ఏడాదిన్నర అయింది. పెట్రోలులోనో డీజిలులోనో ఎవరైనా ఏదైనా కలిపితే పట్టుకోవడం మా పని. ఏడాదిన్నరలో ఒక్కటీ దొరకలేదు. జిల్లాలో పెట్రోలు అంత బాగుందా, మేము సరిగ్గా వెతకలేదా అన్నది నేను చెప్పలేను. నేను ఇన్‌వర్డ్‌లో కాంట్రాక్టు గుమాస్తాను. వచ్చిన కాగితం మీద నంబరు వేసి లోపలికి పంపడం వరకే నా పని.

ఆ వానాకాలంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రమంతటా నలభై ఒక్క రోజుల పాటు ‘ఇంధన శుద్ధి దీక్ష’ జరపాలి. సిబ్బంది రోజూ ఉదయం నిలబడి ప్రతిజ్ఞ చేయాలి. ప్రతి జిల్లా కనీసం రెండు కల్తీ కేసులు పట్టాలి. మా అధికారి చక్రపాణి గారు ఆ ఉత్తర్వును రెండు చేతులతో పట్టుకుని చదివారు. ఆయన మంచివారు. ఎవరి దగ్గరా టీ కూడా తాగరు. నియమం అంటే ప్రాణం.

“రెండు కేసులు! యాడినుంచి తెచ్చేది సార్?” అన్నాడు అటెండరు ఓబులేసు.

“కేసులను తేవడం కాదు ఓబులేసూ, అవి వెలుగులోకి వస్తాయి. మనం తదనుగుణంగా సంసిద్ధులమై ఉండవలెను” అన్నారు చక్రపాణి గారు.

మూడో రోజు ఒక కేసు తనంతట తానే నడిచి వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే, నడవలేక తోయించుకుంటూ వచ్చింది.

అది ఒక ఎర్ర కారు. ఇద్దరే కూర్చోగలరు. పైకప్పు లేదు. ఎత్తు నా నడుము దాకా కూడా రాదు. దాన్ని వెనకనుంచి తోస్తూ వచ్చిన మనిషికి యాభై అయిదు దాటి ఉంటాయి. పేరు మౌలా పీరా. ఊరి చివర మెకానిక్ షెడ్డు ఉంది. అందరూ పీరన్న అంటారు. ఏదో పాత ఎస్టేటు షెడ్డులో తుప్పు పట్టి పడి ఉన్న విదేశీ రేసు కారును తూకానికి కొని, తొమ్మిదేళ్లు కూర్చుని బాగు చేసుకున్నాడు. ముందు రోజు బంకులో రెండు ట్యాంకులూ నింపించుకున్నాడు. అంతకు ముందు రాత్రి పడ్డ వానకు బంకు భూగర్భ ట్యాంకులోకి నీళ్లు దిగాయి. కారు రెండు ఫర్లాంగులు పోయి, దగ్గి, ఆగిపోయింది.

“సార్, బంకోనికి ఒక మాట చెప్పండి సార్, ఇంకొకరికి ఇట్లా కాకుండా. అంతే. నా కారు సంగతి నేను సూసుకుంటా” అన్నాడు పీరన్న.

చక్రపాణి గారు కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. “ట్యాంకులు రెండా?”

“రెండు సార్. సీట్ల ఎనక అటొకటి ఇటొకటి. ఒకటే పెడితే మలుపులో బరువు ఒక పక్కకు లాగుతాది.”

“అంటే కల్తీ రెండు చోట్ల ఉంది.” ఆయన కళ్లు మెరిశాయి. “ఇవి రెండు కేసులు అవుతాయా?” అని మా సూపరింటెండెంటు కామాక్షమ్మ గారి వైపు చూశారు.

“కారు ఒకటే కదా సార్” అంది ఆవిడ. ఆయన కొంచెం నిరుత్సాహపడి, వెంటనే తేరుకున్నారు.

“ఓబులేసూ, లక్క తీసుకురా.”

రెండు ట్యాంకుల మూతలకూ గుడ్డ చుట్టి, లక్క పోసి, సీలు వేశారు. పీరన్నకు అర్థం కాలేదు. “సార్, కింద ఒక నట్టు ఉంటాది. ఇప్పితే అరగంటలో ఉన్నదంతా దిగిపోతాది. మీకు సాక్ష్యం కావాలంటే క్యాన్లలో పట్టిస్తా. నీళ్లు నిలబడితే ట్యాంకు తుప్పు పడతాది సార్. రేకు పల్చనిది.”

“నియమం అయిదు,” అన్నారు చక్రపాణి గారు పుస్తకం చూడకుండానే. “కల్తీ ఇంధనం మొదట ఏ నిల్వ సాధనంలో కనబడినదో, కేసు తేలునంత వరకు అందులోనే యథాతథ స్థితిలో భద్రపరచవలెను. సదరు వాహనము ఇక వాహనము కాదు. నిల్వ సాధనము.”

“అది రేసు కారు సార్!”

“నిల్వ ఉన్నంత కాలం దానికి వేగంతో పని లేదు.”

కారును గోడ పక్కకు తోసి పైన టార్పాలిన్ కట్టారు. నేను దానికి నంబరు వేశాను.

మర్నాడు మా ఇన్‌స్పెక్టరు బంకుకు వెళ్లాడు. బంకు యజమాని ఆ పాటికి భూగర్భ ట్యాంకు కడిగించి కొత్త పెట్రోలు పోయించాడు. పరీక్షించారు, నిక్షేపంగా ఉంది. చక్రపాణి గారు నివేదికలో రాయించారు: ‘బంకు నందు కల్తీ లేదు. కల్తీ కేవలము సదరు కారు నందు మాత్రమే కలదు.’ ఇది విన్న పీరన్న మెట్ల మీద కూర్చుండిపోయాడు.

“అంటే నేనే కలిపినట్టా మ్మా?” అని నన్ను అడిగాడు.

“అట్లా రాయలేదు పీరన్నా” అన్నాను.

“కాదని కూడా రాయలేదు గదా.”

అది నిజం. నేను కాగితాలు సర్దుకున్నాను.

దీక్షలో ఇంకో అంశం ఉంది. ప్రతి ట్యాంకు నుంచి రోజూ అర లీటరు నమూనా తీసి పరీక్షశాలకు పంపాలి. మొదటి రోజు ఓబులేసు ఎడమ ట్యాంకు పైమూత సీలు విప్పి, గొట్టం వేసి పైనుంచి అర లీటరు లాగాడు. కుడి ట్యాంకులో గొట్టం దిగలేదు. సీటు అడ్డం వచ్చింది. అందుకని కిందకు దూరి, నట్టు కొంచెం వదులు చేసి పట్టాడు.

“ఓబులేసప్పా, నీకు పుణ్యముంటాది, ఆ నట్టు బిగించొద్దు. అట్లే వదిలేయ్” అని పీరన్న బతిమాలాడు.

“అర లీటరు వరకు నమూనా” అన్నారు పైనుంచి చక్రపాణి గారు. “అంతకు మించి ఒక చుక్క పడినా అది అక్రమ తరలింపు.”

ఓబులేసు నట్టు బిగించాడు.

వారం తర్వాత పరీక్షశాల నివేదిక వచ్చింది. ఎడమ ట్యాంకులోది స్వచ్ఛమైన పెట్రోలు. కుడి ట్యాంకులోది స్వచ్ఛమైన నీరు, కొద్దిగా పెట్రోలు వాసన కలదు. ఎక్కడా కల్తీ లేదు.

కార్యాలయం అంతా చావు కబురు విన్నట్టు అయిపోయింది. పీరన్న ముఖం మాత్రం విప్పారింది. “సార్, కల్తీ లేదన్నారు కదా. నా కారు ఇచ్చేయండి.”

“తొందరపడకూడదు. కల్తీ ఎక్కడికి వెళుతుంది? సీలు వేసి ఉంది కదా” అన్నారు చక్రపాణి గారు.

“అది యాడికీ పోలేదు సార్. నీళ్లు బరువు, కిందికి దిగినాయి. పెట్రోలు తేలిక, పైన తేలింది. పైన తీస్తే పెట్రోలు, కింద తీస్తే నీళ్లు. సాంబారు గిన్నెలో పైన చారు, కింద పప్పు ఉండదా, అట్లా.”

ఈ మాట చెప్పినందుకు పీరన్న తర్వాత చాలా బాధపడ్డాడు.

“సాంబారును వడ్డించేముందు ఏం చేస్తారు?” అన్నారు చక్రపాణి గారు నెమ్మదిగా.

“కలుపుతారు సార్” అన్నాడు ఓబులేసు.

ఆ రోజు నుంచి నమూనా తీసే ముందు కారును ఊపడం మొదలైంది. ప్రతిజ్ఞ అయిపోగానే అటు ముగ్గురం, ఇటు ముగ్గురం నిలబడి కారును అటూ ఇటూ ఊపాలి. ఎన్నిసార్లు అన్న ప్రశ్న వచ్చింది. దీక్ష కాబట్టి నూట ఎనిమిది అని తేల్చారు. కామాక్షమ్మ గారికి మోకాళ్ల నొప్పి. ఆవిడ కుర్చీ వేయించుకుని లెక్కపెట్టేది. మధ్యలో ఫోను వస్తే లెక్క తప్పేది. అప్పుడు మళ్లీ ఒకటి నుంచి. వాకిట్లో టీ అమ్మే మనిషి ఆ వేళకే వచ్చి నిలబడటం అలవాటు చేసుకున్నాడు.

“ఏమప్పా, బిడ్డ నిద్రపోయిందా?” అని అడిగేవాడు ఓబులేసును.

“ఇంకా ఏడుస్తా ఉండాదిలే, నువ్వు టీ ఇయ్యి.”

ఈసారి నివేదిక బాగా వచ్చింది. నీరు పద్దెనిమిది శాతం. చక్రపాణి గారు దాన్ని ఫ్రేము కట్టించలేదు కానీ అద్దం బీరువాలో అందరికీ కనబడేటట్టు పెట్టారు. చుట్టుపక్కల కార్యాలయాల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. ఒక హైస్కూలు పిల్లలను వరుసగా తీసుకొచ్చి కారు చూపించారు. “ఇది కల్తీ” అని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. “కారు బాగుంది సార్” అంది ఒక పాప. “కారును చూడకూడదు, లోపల ఉన్నదాన్ని చూడాలి” అన్నాడు ఆయన. మూతకు సీలు ఉంది కాబట్టి పిల్లలు సీలును చూసి వెళ్లారు.

పీరన్న రోజూ పదింటికి వచ్చేవాడు. ఊపుతున్నంతసేపూ గోడకు తిరిగి నిలబడేవాడు. ఒకరోజు నా బల్ల దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

“పాపా, కదలకుండా పెట్టినా బాగుండు. నీళ్లు అడుగున ఉంటే అడుగొక్కటే తుప్పు పడతాది. ఊపితే నాలుగు గోడలకూ తగులుతా ఉండాది.”

“కొత్త ట్యాంకులు చేసుకోలేవా పీరన్నా?”

ఆయన కుడిచెయ్యి చాపి నా బల్ల మీద, గాలిలో, పట్టి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆపాలని చూశాడు, ఆగలేదు.

“ఆ రెండు ట్యాంకులూ సుత్తితో నేను కొట్టినవే. అచ్చు లేదు, కొలత కాగితం లేదు. చెయ్యే కొలత. అప్పుడు కుదురుగా ఉండె. మూడేండ్లయింది ఇట్లా మొదలై. టీ గ్లాసే నిలవదు. ఇంక రేకు యాడ నిలుస్తాది? అవి పాయినాయంటే కారు పాయినట్టే మ్మా. నేను కుదురు చెయ్యితో చేసిన పని ఇంకొకటి మిగల్లేదు.”

నేను ఆ రోజు ఊపేటప్పుడు చేతులు ఆనించాను కానీ బలం పెట్టలేదు. అయినా కారు ఊగింది. మిగతా అయిదుగురూ శ్రద్ధగా పనిచేసేవాళ్లే.

పదిహేనో రోజు ఇంకో చిక్కు వచ్చింది. కారు వచ్చినప్పుడు ఒక్కో ట్యాంకులో పది లీటర్లు ఉండేది. రోజూ నమూనాలు తీస్తుంటే కల్తీ తగ్గిపోతోంది. యథాతథ స్థితి అంటే పరిమాణం కూడా తగ్గకూడదు. చక్రపాణి గారు నిద్రలేని ముఖంతో వచ్చి, తీసినంత తిరిగి భర్తీ చేయాలని నిర్ణయించారు. అదే రకం కల్తీతో.

అసలు కల్తీ ఎక్కడినుంచి వచ్చిందో అక్కడినుంచే తేవడం న్యాయం కాబట్టి ఓబులేసును క్యాన్‌తో బంకుకు పంపారు. వాళ్లు మంచి పెట్రోలు పోసి పంపారు. పరీక్షించి, తిప్పి పంపారు. మళ్లీ మంచిదే వచ్చింది. మూడోసారి చక్రపాణి గారు నాతో ఒక నోటీసు టైపు చేయించారు.

‘మీరు సరఫరా చేసిన పెట్రోలు నందు నిర్దేశిత పద్దెనిమిది శాతము నీరు లేకపోవుట గమనించడమైనది. గతములో మీరు సదరు ప్రమాణము పాటించి ఉన్నారు. ఇప్పుడు ఏల పాటించరో మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలసినది.’

బంకు యజమాని పరుగెత్తుకుంటూ వచ్చాడు. “సార్, పెట్రోలు మంచిదని నోటీసు ఇస్తారా? నేను ఏమని రాయాలి? ఇంకెప్పుడూ మంచిది పోయనని రాయనా?”

“నేరాన్ని అంగీకరిస్తున్నట్టా?” అన్నారు చక్రపాణి గారు ఆశగా.

యజమాని చేతులు జోడించి వెళ్లిపోయాడు.

టెండరు పిలిచారు. పద్దెనిమిది శాతం కల్తీ పెట్రోలు సరఫరాకు ఎవరూ ముందుకు రాలేదు. ఒకాయన వచ్చాడు కానీ ఆయన కిరసనాయిలు కలుపుతానన్నాడు. అది వేరే నియమం కిందికి వస్తుందని పంపేశారు.

చివరికి ఇరవయ్యో రోజున మేమే తయారు చేయడం మొదలుపెట్టాం. వెనక వరండాలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టారు. ఓబులేసు బంకు నుంచి మంచి పెట్రోలు తెచ్చి అందులో పోసేవాడు. కామాక్షమ్మ గారు కొలగ్లాసుతో నీళ్లు కొలిచి ఇచ్చేది. బోరు నీళ్లలో ఉప్పు ఉంది, మొదటిది వాన నీరు కాబట్టి ఉప్పు ఉండకూడదని చక్రపాణి గారు అభ్యంతరం చెప్పారు. అందుకని మేము తాగడానికి తెప్పించే మినరల్ వాటర్ వాడారు. కలిపిన దాన్ని డ్రమ్ము నుంచి ట్యాంకుల్లోకి పోసి, సీలు వేసి, నూట ఎనిమిది సార్లు ఊపి, నమూనా తీసి, పరీక్షశాలకు పంపేవాళ్లం. పరీక్షశాల నుంచి ‘కల్తీ ప్రమాణము తృప్తికరము’ అని వచ్చేది.

కానీ దీక్ష ముప్పై తొమ్మిదో రోజుకు వచ్చినా రెండో కేసు దొరకలేదు. చక్రపాణి గారు భోజనం సరిగ్గా చేయడం లేదు.

ఆ రోజు పీరన్న కారు కింద పడుకుని, బయటికి వచ్చి, తన చొక్కా అంచు చూపించాడు. గోధుమరంగు మరక. “కుడి ట్యాంకు అతుకు దగ్గర చెమ్మగిలింది. ఇంక వారం. అంతే.”

ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. ఈ నలభై రోజుల్లో నాకు పని తక్కువ. ఉన్న ఒక్క పుస్తకం నియమావళే కాబట్టి రెండుసార్లు చదివాను. అందులో ఏ నియమం ఎక్కడుందో చక్రపాణి గారి తర్వాత నాకే తెలుసనుకుంటాను.

“పీరన్నా, నియమం ముప్పై ఒకటి చదువుకో” అన్నాను.

“నాకు సదువు యాడిది మ్మా? నువ్వే సదువు.”

చదివాను. ఎవరైనా పౌరుడు ఎక్కడైనా ఇంధనంలో కల్తీ కలుపుతుండగా చూసి ఫిర్యాదు చేస్తే, ఆ స్థలాన్ని ఇరవై నాలుగు గంటల్లో సీలు చేయాలి. అక్కడున్న ఇతరుల వస్తువులను సీలుకు ముందే సొంతదారులకు అప్పగించాలి.

పీరన్న నన్ను చూశాడు. వెనక వరండా వైపు చూశాడు. అక్కడ ఓబులేసు కర్రతో డ్రమ్ము కలుపుతున్నాడు. కామాక్షమ్మ గారు “ఇంకో వంద మిల్లీలీటర్లు పోయనా?” అంటోంది.

“సదువు రానోళ్లకు రాసిచ్చేది ఎవరు మ్మా?”

“ఇన్‌వర్డ్ గుమాస్తా రాయవచ్చని నియమం ఉంది” అన్నాను. ఉంది కూడా.

ఫిర్యాదు రాసి, ఆయన వేలిముద్ర వేయించి, నంబరు వేసి లోపలికి పంపాను.

చక్రపాణి గారు దాన్ని మూడుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అందరినీ పిలిచారు.

“నీలిరంగు డ్రమ్ములో పెట్రోలు నందు నీరు కలుపుతుండగా ఫిర్యాదీ కళ్లారా చూశాడట. ఎవరు కలిపింది?”

“నేనే సార్. మీరు చెప్తేనే కదా” అన్నాడు ఓబులేసు బెదిరిపోయి.

“నేను చెప్పింది నిల్వ భర్తీ. నువ్వు చేసింది కలపడం.” కాసేపు ఆలోచించారు. “అయితే నియమావళిలో ఆ రెండింటికీ తేడా చూపలేదు.”

కామాక్షమ్మ గారు కొలగ్లాసును కొంగు చాటున పెట్టుకుంది. నాకు అప్పుడు భయం వేసింది. నా కాంట్రాక్టు ఏడాదికోసారి ఆయన సంతకంతోనే సాగుతుంది. ఆ ఫిర్యాదు నా చేతిరాతే. ఆయన తల ఎత్తి ఎవరు రాశారని అడిగితే చెప్పాలి.

ఆయన తల ఎత్తారు. నలభై రోజుల్లో మొదటిసారి నవ్వుతున్నారు.

“రెండో కేసు!” అన్నారు. “దీక్ష ముగియకముందే! ఎంత పకడ్బందీగా రాశారో చూడండి. తేదీ, సమయం, డ్రమ్ము రంగు సహా. ఆరోపిత సంస్థ, జిల్లా ఇంధన శుద్ధి కార్యాలయం. రాసుకోండి. రేపు ఉదయం పదకొండింటికి సీలు.”

“సార్, మన ఆఫీసుకే సీలా? మనం యాడ కూర్చోవాలి?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“నియమానికి మన, పర భేదం లేదు.”

మర్నాడు బల్లలు, బీరువా, దీక్ష బ్యానరు బయటకు వచ్చాయి. మిగిలింది కారు. “ఇది ఇతరుల వస్తువే. కాని మొదటి కేసు నిల్వ సాధనం. ఎలా ఇవ్వగలం?” అని చక్రపాణి గారు ఆగిపోయారు. పీరన్న స్పానరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. స్పానరు వణుకుతోంది.

కామాక్షమ్మ గారు గొంతు సవరించుకుంది. “సార్, ఆయన తెచ్చింది ఇరవై లీటర్లు. మనం ముప్పై ఏడు లీటర్ల నమూనాలు తీశాం. ఆయన కల్తీ ఎప్పుడో పరీక్షశాలకు వెళ్లిపోయింది. సీసాల్లో ఉంది. ఇప్పుడు ట్యాంకుల్లో ఉన్నదంతా మన కల్తీయే.”

ఆవిడ ఇంత పొడుగ్గా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. చక్రపాణి గారు చూపుడువేలు గాల్లో ఆడిస్తూ లెక్క వేసుకున్నారు.

“మన కల్తీ మొదట కనబడింది ఎక్కడ?”

“డ్రమ్ములో సార్.”

“అయితే నియమం అయిదు ప్రకారం అది డ్రమ్ములోనే ఉండవలెను! కారులోకి ఎందుకు వెళ్లింది? తక్షణం తిరిగి...”

ఆయన వాక్యం పూర్తి చేసేలోపు పీరన్న కారు కిందికి దూరిపోయాడు. అరగంట పడుతుందన్న పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. డ్రమ్ముకు సీలు పడింది.

పీరన్న మూతలు తీసి, టార్చి వేసి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. ఎడమ ట్యాంకులో చాలాసేపు చూశాడు. “ఇటుకపొడి చల్లినట్టుంది. పైపైనే. తుడిస్తే పోతాది.” కుడి ట్యాంకు దగ్గర ఇంకా ఎక్కువసేపు. అతుకు దగ్గర గుండుసూది మొన అంత బెజ్జం. దాని మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

“పోయిందా పీరన్నా?” అని అడిగాను.

“ఎవరి దగ్గరైనా సబ్బు ఉందా?”

బాత్రూము అప్పటికే సీలులో ఉంది. కామాక్షమ్మ గారు సంచిలోంచి చిన్న సబ్బుబిళ్ల తీసి ఇచ్చింది. “ఇప్పుడు స్నానం చేయిస్తావా దానికి?”

“సబ్బు పెట్రోలుకు కరగదు మేడం. ఇల్లు చేరేదాకా నిలుస్తాది. ఇంటికాడ టంకం పెడతా.” సబ్బును బెజ్జం మీద గట్టిగా రుద్దాడు. తర్వాత తన వేళ్లను చూసుకున్నాడు. “కొత్తది కొట్టలేను గానీ, అతుకు వేసేదానికి ఈ చెయ్యి సాలు.”

ఓబులేసు బంకు నుంచి నాలుగు లీటర్లు తెచ్చాడు. ఎవరూ పరీక్షించలేదు. పీరన్న సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. కారు దగ్గింది. తెల్లటి పొగ వదిలింది. ఇంకోసారి దగ్గింది. మూడోసారి పెట్టిన గావుకేకకు వాకిట్లో టీ మనిషి గ్లాసు వదిలేశాడు. చక్రపాణి గారు రెండడుగులు వెనక్కి వేశారు.

“అంత శబ్దం ఎందుకు చేస్తోంది?”

“బతికుంది సార్ మరి!” అని పీరన్న అరిచాడు. ఆ మోతలో ఆయన మాట నాకు తప్ప ఎవరికీ వినబడినట్టు లేదు.

కారు గేటు దాటింది. మలుపు దగ్గర తగ్గలేదు. అటూ ఇటూ ఒరగకుండా, ఒకే ఎత్తున తిరిగి కనుమరుగైంది. స్టీరింగు మీద పీరన్న చేతులు వణుకుతున్నాయో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.

మేము రోడ్డు పక్కన బల్లలు వేసుకుని కూర్చున్నాం. చక్రపాణి గారు దీక్ష ముగింపు నివేదిక చెప్పడం మొదలుపెట్టారు. రెండు కేసులూ వివరంగా చెప్పారు. కారు దగ్గరకు వచ్చేసరికి ఏ మాట వాడాలో తోచక మలుపు వైపు చూశారు.

“‘సదరు వాహనము’ అని రాయమ్మా. ‘సదరు వాహనము తనంతట తాను పరుగెత్తి వెళ్లినది.’”

రాశాను. ఆ కార్యాలయంలో నేను రాసిన కాగితాల్లో, ఒక్క ముక్క కూడా మార్చబుద్ధి కాని వాక్యం అదొక్కటే.